తగు పాత్ర

తల్లిపాలు దేంట్లో దాచాలన్న సందేహం మా ఆసుపత్రిలో అంతకుముందు ఎవరికీ రాలేదు. ఎస్తేరు రాణి సిస్టర్ చూసుకునేది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డుకి పదహారేళ్ళుగా ఆవిడే హెడ్ నర్సు. ఆవిడ దగ్గర ఓ ముప్ఫై స్టీలు గిన్నెలుండేవి. అరచేతిలో ఇమిడేంత చిన్నవి, మూత బిగుతుగా పడేవి. వాటిని నీళ్ళలో ఉడకబెట్టి ఆరబెట్టేది. తల్లి పాలు పిండి ఇస్తే ఒక్కో గిన్నెలో ఒక్క పూటకి సరిపడా పోసి, మూతమీద తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, దానిమీద తల్లి పేరు, తేదీ, టైము రాసి ఫ్రిజ్‌లో పెట్టేది. ముందు పిండినవి ముందు వాడేది. ఇదంతా ఏ కాగితం మీదా లేదు. అందుకే సజావుగా జరిగేది.

నేను ఆ ఆసుపత్రి స్టోర్స్‌లో సీనియర్ అసిస్టెంటుని. పేరు సన్యాసిరావు. కాగితం మీద లేనిదేదీ నాకు తెలియకూడదు గనక ఆ గిన్నెల సంగతి నాకు తెలియదు.

ఏప్రిల్ నెలలో పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఒకటిన్నర పేజీ. మొదటి పేరాలో తల్లిపాల గొప్పతనం ఉంది. అది అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ చదవలేదు. రెండో పేరాలో ఒకటే వాక్యం: ‘తల్లిపాలను తగు పాత్రలలో మాత్రమే నిల్వ చేయవలెను.’ మిగిలిన పేజీ అంతా, ఈ ఉత్తర్వు అమలు చేయనివారి మీద తీసుకోబోయే చర్యలు.

మా సూపరింటెండెంటు డాక్టర్ పరాంకుశం గారు ఎముకల వైద్యులు. ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రేలో తెలుస్తుంది. ‘తగు’ అన్న మాటకి ఎక్స్‌రే లేదు. ఆయన ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివి, నన్నూ సిస్టర్నీ పిలిపించారు.

“సిస్టర్, మీరు వాడే గిన్నెలు తగినవేనా?”

“పదహారేళ్ళ నుంచి వాడతన్నాం సర్. ఏ బిడ్డకీ ఏటీ అవలేదు.”

“అది అనుభవం. నేనడుగుతున్నది అర్హత.”

సిస్టర్ ఓపిగ్గానే చెప్పింది. గాజుదైనా, స్టీలుదైనా, ఆహారానికి పనికొచ్చే గట్టి ప్లాస్టిక్‌దైనా ఫరవాలేదు, మూత గట్టిగా పడాలి, పగుళ్ళూ సొట్టలూ ఉండకూడదు, మూలమూలలా కడగడానికి వీలుండాలి, నిండా పోయకూడదు, పేరూ టైమూ రాయాలి, అంతే అంది. సూపరింటెండెంటు గారు అంతా విని, ఇవన్నీ మంచి విషయాలేనని, కాకపోతే సర్క్యులర్లో లేవని అన్నారు. తరవాత తర్కం చెప్పారు. ఏది తగినదో తేలేవరకు తగనిది వాడరాదు. ఈ గిన్నెలు తగినవని ఇంకా తేలలేదు. కాబట్టి ప్రస్తుతానికి ఇవి తగనివి.

ఆ మధ్యాహ్నమే ముప్ఫై గిన్నెల్నీ గోనెసంచిలో మూటగట్టి, లక్క ముద్ర వేసి, నా స్టోర్‌లో పెట్టి తాళం వేశాను. పని శుభ్రంగా చేశానని నాకు తృప్తిగా ఉంది.

ఆ వార్డులో అప్పుడు పదకొండు మంది పిల్లలున్నారు. వాళ్ళలో పైడికుమారి కూతురు అందరికంటే చిన్నది, కిలో మూడొందల గ్రాములు. పైడికుమారిది జీడితోటల పక్క ఊరు, బస్సులో గంటన్నర. కాన్పైన మూడోరోజే ఆమెను డిశ్చార్జి చేశారు. బిడ్డ రోగి, తల్లి రోగి కాదు. రోగి కానివాళ్ళకి మంచం ఉండదు. అందుకని తల్లులందరూ పొద్దున్నే వచ్చి వరండాలో నేలమీద కూర్చునేవారు, సాయంత్రం ఆరింటికి సెంట్రీ గేటు వేసే ముందు వెళ్ళిపోయేవారు. రాత్రి పిల్లలకి ట్యూబులోంచి పట్టేది ఆ గిన్నెల్లో దాచిన పాలే.

గిన్నెలు పోయాక రాత్రిళ్ళు పౌడరు పాలు పట్టారు. పగలు పిల్లకి పట్టగా మిగిలిన పాలు పైడికుమారి సింకులో పారబోసి బస్సెక్కేది. నాలుగో రోజు నా స్టోర్ కిటికీ దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. జాకెట్టు ముందు భాగం తడిసి ఉంది, దానిమీద తువ్వాలు కప్పుకుంది.

“బాబూ, ఒక్క గిన్నిప్పించండి. నాను లేనప్పుడు దానికి పౌడరు పాలు పడతన్నారు. పొట్ట ఉబ్బిపోతంది. నిన్నటికీ ఇయాలకీ నలబై గ్రాములు తగ్గిపోనాదట.”

ఆ విషయం మీద కమిటీ కూర్చుందని చెప్పాను.

“ఎప్పుడు లేస్తాదండి?”

కిటికీ తలుపు మూయబోయి, ఎందుకో మూయకుండా ఉండిపోయాను. ఆమె అక్కడే ఇంకొంచెం సేపు నిలబడి వెళ్ళిపోయింది.

కమిటీ ఉన్నమాట నిజమే. ‘తల్లిపాల నిల్వ పాత్రల ఎంపిక సంఘం’ అని పేరు. సూపరింటెండెంటు గారు అధ్యక్షులు, నేను కన్వీనరుని, మూడో సభ్యుడు భవనాల శాఖ ఇంజనీరు పాత్రో గారు. భవనాల ఇంజనీరుకి పాలతో ఏం పనని ఎవరూ అడగలేదు. పేరు చూసి వేశారని వార్డులో ఆయాలు అనుకున్నారు. సిస్టర్ని గానీ, తల్లుల్లో ఒకర్ని గానీ వేద్దామా అని నేనొక నోట్ పెడితే, వారికి ఈ విషయంలో ప్రత్యక్ష ప్రయోజనం ఉన్నందున నిష్పాక్షికత దెబ్బతింటుందని సూపరింటెండెంటు గారు మార్జిన్‌లో రాశారు.

మొదటి సమావేశంలో గుణాలు తేల్చారు. పాలు ఎన్ని ఉన్నాయో బయటికి కనపడాలి కాబట్టి పాత్ర పారదర్శకంగా ఉండాలి. వెలుతురు తగిలితే పాలలో బలం తగ్గుతుందని పాత్రో గారు ఎక్కడో విన్నారు కాబట్టి అపారదర్శకంగా కూడా ఉండాలి. రెండూ తీర్మానంలో రాశాను. పడితే పగలకూడదు. వేడిచేస్తే వంగకూడదు. చల్లబెడితే చిట్లకూడదు. ఒకరి పాలు ఇంకొకరికి పోకుండా పాత్రే తన యజమానిని గుర్తుపట్టేలా ఉండాలన్నది అధ్యక్షుల సొంత ఆలోచన. ఆ మాట అని ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

రెండో సమావేశం పరీక్షలకి. బజారు నుంచి గాజు సీసా, ప్లాస్టిక్ డబ్బా, జిప్పున్న పాల సంచి తెప్పించాను. నమూనా కోసమని ముద్ర విప్పి సిస్టర్ గిన్నె ఒకటి తీశాను. ఎంత ఎత్తునుంచి పడేయాలన్న ప్రశ్న వచ్చింది. ఫ్రిజ్ ఎత్తు సరిపోతుందని నేనన్నాను. పాత్రో గారు ఒప్పుకోలేదు. ఏ కట్టడమైనా దాని గరిష్ఠ ప్రమాదానికి తట్టుకోవాలని, మా ఆసుపత్రికి రెండంతస్తులున్నాయని, కాబట్టి డాబా మీంచి పడేయాలని అన్నారు. నేను పైకెక్కి ఒక్కోటీ వదిలాను, ఆయన కింద నిలబడి రాసుకున్నారు. గాజుసీసా పోయింది. పాల సంచి ఓపీ చీటీల లైన్లో నిలబడ్డ ఒకాయన భుజం మీద పడింది, ఆయనకేం కాలేదు గానీ చీటీ మానేసి వెళ్ళిపోయాడు. స్టీలు గిన్నెకి సొట్ట పడింది. ప్లాస్టిక్ డబ్బా ఒక్కటే నెగ్గింది. దాన్ని తీసుకెళ్ళి ఆపరేషన్ థియేటర్లో కత్తెరలు ఉడకబెట్టే యంత్రంలో పెడితే అప్పడంలా ముడుచుకుని వచ్చింది.

నాలుగు నమూనాలూ విఫలం. ఈలోగా పైనుంచి రిమైండర్ వచ్చింది: ఎంపిక చేసిన పాత్ర వివరాలు శుక్రవారం లోపు పంపవలెను.

శుక్రవారం ఉదయం మూడో సమావేశం. బల్లమీద నేను గీసిన పట్టిక ఉంది. ఎడమవైపు పధ్నాలుగు గుణాలు, పైన నాలుగు పాత్రలు, గళ్ళలో ఎక్కువ భాగం ఇంటూ గుర్తులు. ఆ సమయానికి ఎస్తేరు రాణి సిస్టర్ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. పైడికుమారి పిల్ల ఇంకో ముప్ఫై గ్రాములు తగ్గిందని, తనకి గిన్నెలు ఇవ్వకపోతే ఈ సాయంత్రం తన టిఫిన్ డబ్బా వాడతానని, ఏ చర్య తీసుకుంటారో తీసుకోమని చెప్పింది. గొంతు పెంచలేదు. సూపరింటెండెంటు గారు కూర్చోమని పట్టిక ఆమె ముందుకు తోశారు. ఈ పధ్నాలుగు గుణాలూ ఉన్న పాత్ర ఒక్కటి చూపిస్తే ఈ నిమిషమే సంతకం పెడతానన్నారు.

సిస్టర్ కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది. కింద పడితే పగలనిది. వేడి చేయక్కర్లేకుండా గోరువెచ్చగా ఉంచేది. వెలుతురు సోకనిది. బిడ్డ ఎవరో తనకు తెలిసినది.

“ఇవన్నీ ఉన్నది తల్లి ఒక్కర్తే సర్,” అంది.

విసుగుతో అన్న మాట అది. పాత్రో గారు పట్టిక తన వైపు తిప్పుకుని అయిదో గడి గీశారు. పధ్నాలుగు టిక్కులు పడ్డాయి. డాబా మీంచి పడేసే పరీక్ష మాత్రం మినహాయించారు.

“సాంకేతికంగా అభ్యంతరం లేదు,” అన్నారు.

ఆ విధంగా ఆ శుక్రవారం మా ఆసుపత్రి, తల్లిపాల నిల్వకు తగు పాత్ర తల్లి అని ఏకగ్రీవంగా తీర్మానించింది. సూపరింటెండెంటు గారు డిక్టేట్ చేస్తుంటే నేను రాసుకుంటున్నాను. సిస్టర్ మొదట నోరు తెరిచింది, తరవాత మూసింది. ఆ తరవాత ఆమె ముఖంలో ఏదో మారింది. మరి పాత్ర అన్నాక ఆసుపత్రి ఆవరణలోనే ఉండాలి కదా సర్ అని చాలా వినయంగా అడిగింది. నిస్సందేహంగా అన్నారాయన. పిండిన పాలు వెంటనే బిడ్డకి పట్టడానికి చేతిలో ఒక గిన్నె కావాలి, మరి అది నిల్వ కిందికి వస్తుందా అని అడిగింది. ఆయన ఆలోచించి, అయిదు నిమిషాలుంటే అది నిల్వ కాదు, రవాణా అన్నారు. రవాణా సర్క్యులర్ పరిధిలోకి రాదు. నా స్టోర్‌లోంచి ఇరవై తొమ్మిది గిన్నెలు ఆ పూటే విడుదలయ్యాయి.

మర్నాటి నుంచి పదకొండు పాత్రలు నా అధీనంలోకి వచ్చాయి. ఒక్కోదానికీ నంబరు వేసి, పేరూ తేదీ రాసిన పట్టీ మణికట్టుకి కట్టాను. సరుకుల భద్రత నియమాలు మా స్టోర్ గోడమీద ఎప్పటినుంచో అంటించి ఉన్నాయి. సిస్టర్ వాటిని ఒక కాగితం మీద ఎక్కించుకుని వెళ్ళింది, అప్పట్నుంచి రోజుకొకటి తీసుకొచ్చేది.

సరుకును నేలపై ఉంచరాదు. నిజమే. ఎముకల వార్డులో మూలపడ్డ మంచాలు పదకొండు తెప్పించాం. ఒకదానిపై ఒకటి పేర్చరాదు. కాబట్టి మంచానికి ఒక్కరే. ఇది మా ఆసుపత్రి చరిత్రలో మొదటిసారి. నేరుగా ఎండ తగలరాదు, గాలి ఆడవలెను. పాత్రో గారు వరండాకి తడకలు కట్టించి మూడు ఫ్యాన్లు వేయించారు. తల్లుల కోసమని అడిగినప్పుడు ఆరేళ్ళు కదలని ఫైలు, పాత్రల కోసమని రాయగానే రెండు రోజుల్లో కదిలింది. పాత్రలను ఖాళీగా ఉంచరాదన్న నియమం చూపించి సిస్టర్ పూటకొక గుడ్డూ, పప్పూ, రెండుసార్లు పాలూ మంజూరు చేయించుకుంది. స్నానానికి వేణ్ణీళ్ళు ఏ నియమం కింద తెచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తు రావడం లేదు, ఏదో తుప్పు గురించి ఉన్నదనుకుంటాను.

రోజూ ఉదయం తొమ్మిదింటికి నేను వెళ్ళి లెక్క చూసుకునేవాణ్ణి. తల్లులు పిల్లల్ని గుండెకి కట్టుకుని కూర్చుని ఉండేవారు. ఒకరోజు పది మందే ఉన్నారు. ఏడో నంబరు, అంటే పైడికుమారి, లేదు. గేటు బయట మిరపకాయ బజ్జీల బండి దగ్గర దొరికింది. సరుకు అనుమతి లేకుండా ఆవరణ దాటినందుకు సంజాయిషీ రాసివ్వమన్నాను. తనకి రాయడం రాదని, బజ్జీ మాత్రం తినమని ఒకటి ఇచ్చింది. అది తిని, సంజాయిషీ సంతృప్తికరం అని రాసుకున్నాను.

వాళ్ళ అత్త తౌడమ్మ ఒకసారి వచ్చి గొడవ పెట్టుకుంది. జీడిపిక్కలు రాలిపోతున్నాయని, ఏరడానికి చెయ్యి తక్కువైందని, కోడల్ని నాలుగు రోజులు పంపమని అడిగింది. సూపరింటెండెంటు గారు పిలిపించి, ప్రభుత్వ నిల్వ పాత్రను ప్రైవేటు వ్యవసాయ పనులకు వినియోగించుట శిక్షార్హమని చెప్పారు. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వల్ల భయపడి, మర్నాడు కోడలికి మెంతికూర వండి పట్టుకొచ్చింది.

పిల్ల మొదటి వారం పోగొట్టుకున్న డెబ్భై గ్రాములూ తిరిగి తెచ్చుకుంది. తరవాత రోజుకి పాతికా ముప్ఫై చొప్పున పెరిగింది. వార్డులో తూకం చూసేటప్పుడు నేనూ వెళ్ళి నిలబడేవాణ్ణి. ఆ పని నా విధుల్లో లేదు. నెల తిరిగేసరికి కిలో ఎనిమిది వందలైంది, ట్యూబు తీసేశారు, రొమ్ము పట్టి తాగుతోంది. పిల్లల డాక్టరు గారు డిశ్చార్జి రాశారు.

అక్కడ చిక్కొచ్చింది. బిడ్డ వెళ్ళవచ్చు. బిడ్డ రోగి. పాత్ర ఎలా వెళ్తుంది? నేను ఫైలు పట్టుకుని వెళ్తే సూపరింటెండెంటు గారు కలం మూత పెట్టేశారు. స్టాకులో ఉన్న సరుకు ఆవరణ దాటాలంటే రెండే దారులని చెప్పారు. పనికిరానిదని ధ్రువీకరించాలి, లేదా వేలం వేయాలి. పనికిరానిదని రాయడానికి పాత్రో గారు ఒప్పుకోలేదు, సాంకేతికంగా అది అబద్ధమన్నారు. రెండో దారి గురించి ఎవరూ మాట్లాడలేదు. తల్లిని ఉంచుకుని బిడ్డని అత్తతో పంపే వీలుందా అని సూపరింటెండెంటు గారు ఆలోచించసాగారు.

బయట తౌడమ్మ ఆటో మాట్లాడుకుని వచ్చింది. పైడికుమారి బిడ్డని చీరచెంగులో చుట్టుకుని నా కిటికీ దగ్గర నిలబడింది. మంచం దిగేటప్పుడు దుప్పటి మడతపెట్టి వచ్చానని, ఇంకేమైనా అప్పగించాలా అని అడిగింది. నాకు ఆమె మణికట్టు మీద పట్టీ కనిపించింది. నేను రాసిందే.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను నియమం తప్పి ఒక్క కాగితం రాయలేదు. ఆ రోజూ తప్పలేదు. సొరుగులోంచి పచ్చరంగు గేట్‌పాసు పుస్తకం తీశాను. మరమ్మతుకి పంపే ఫ్యాన్లకీ, తూకం యంత్రాలకీ వాడేది. ‘పాత్ర నంబరు ఏడు. బయట వినియోగం నిమిత్తం. తిరిగి వచ్చును’ అని రాసి, దీనికి స్టోర్స్ సంతకం చాలు కాబట్టి నేనే సంతకం పెట్టేశాను.

అందులో ఏం రాశారని అడిగితే చదివి వినిపించాను.

“తిరిగొస్తానని రాసీసేరేటి? నాను మళ్ళీ రాను బాబూ,” అంది.

రాకు అన్నాను. పట్టీ కత్తిరించాను. సెంట్రీ పాసు తీసుకుని, గేటు తీసి, ఆటో దాటేదాకా నిలబడ్డాడు. మిగిలిన పది మందీ కూడా ఒక్కొక్కరే అదే పచ్చకాగితం మీద వెళ్ళారు.

రెండున్నరేళ్ళు గడిచాక స్టాకు తనిఖీ జరిగింది. తిరిగి రావలసిన వస్తువుల పట్టికలో పదకొండు పాత్రలు రాలేదని అధికారి పట్టుకున్నారు. స్వయంగా వెళ్ళి చూసి, ప్రస్తుత స్థితి రాసి పంపమని నాకు మెమో ఇచ్చారు. ఏడో నంబరుతో మొదలుపెట్టాను.

పైడికుమారి ఇంటి ముందు జీడిపిక్కలు ఆరబోస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. మళ్ళీ పట్టుకెళ్ళడానికి వచ్చానేమోనని ముందు కాస్త బెదిరింది. కాదని చెప్పి, కాగితం తీసి, పాలు ఇంకా ఇస్తున్నావా అని అడిగాను. వేపాకు రాసి మాన్పించి ఏడాది దాటిందంది. అయితే ‘పాత్ర ఖాళీగా ఉన్నది’ అని రాయాలి, వేలిముద్ర వేస్తావా అన్నాను.

పైడికుమారి పెరటి వైపు చూసింది. ఒక పిల్ల, ఒంటి మీద గౌను తప్ప కాళ్ళకి చెప్పుల్లేకుండా, కోడిపుంజుని తరుముతోంది. కోడి అలిసిపోయింది గానీ పిల్ల అలవలేదు.

“కాళీ ఏటి బాబూ,” అని పిల్ల వైపు చెయ్యి చూపింది. “నా పాలన్నీ అదిగో, ఆ గుంటకాడున్నాయి.”

అంగన్‌వాడీ కార్డు అడిగి చూశాను. పదకొండు కిలోల రెండొందలు. తిరిగొచ్చి నివేదిక రాశాను: ‘నిల్వ యావత్తు లబ్ధిదారునకు చేరినది. లబ్ధిదారు పరుగెత్తుచున్నది.’

నెలకి దానిమీద అభ్యంతరం వచ్చింది. చేరినప్పుడు బరువు కిలో మూడు వందలు, ప్రస్తుతం పదకొండు కిలోల రెండు వందలు, తొమ్మిది కిలోల తొమ్మిది వందల గ్రాముల పెరుగుదలకు కారణం తెలుపవలెను అని. నాకు తోచక ఎస్తేరు రాణి సిస్టర్‌కి ఇచ్చాను. ఆవిడ నిలబడే, వార్డు బల్లమీద కాగితం ఆనించి ఒక్క మాట రాసి ఇచ్చేసింది.

‘తింటోంది.’

అది అలాగే పంపాను. దానిమీద ఇంతవరకు ఏ అభ్యంతరమూ రాలేదు.